ఎర్రమట్టిలో ఇనుము కరువు: ఒక బెంగళూరు మిద్దెతోట కేసు

నా తప్పుతోనే మొదలుపెడతాను. 2024 జూలై చివర్లో వాట్సాప్‌లో ఒక నిమ్మకొమ్మ ఫొటో వచ్చింది. చిగురాకులు పండిన నిమ్మకాయ రంగులో ఉన్నాయి, ఈనెలు మాత్రం పచ్చటి దారంతో వల అల్లినట్టు కనిపిస్తున్నాయి. ఇనుము లోపం అని చూడగానే తెలిసిపోయింది. "ఈడీటీఏ ఐరన్ తెచ్చి లీటరుకు గ్రాము చొప్పున కుండీల్లో పోయండి టీచరమ్మా" అని మెసేజ్ పెట్టి నా పనిలో పడిపోయాను. ఈడీటీఏ అంటే ఇనుము తుప్పు పట్టకుండా పట్టుకుని ఉండే రసాయనం.

మూడు వారాలకు ఫోన్ వచ్చింది. "నువ్వు చెప్పినట్లే పోస్తి కదా నాయనా, రెండు మార్లు పోస్తి. ఏడ పచ్చబడింది? ఇంకా తెల్లగా అయితాంది."

రోగం పేరు సరిగ్గానే చెప్పాను. మందు కూడా పేరుకు సరైనదే. అయినా పని చేయలేదు. ఎందుకు చేయలేదో తేలడానికి రెండుసార్లు ఆ మిద్దె ఎక్కాల్సి వచ్చింది.

టీచరమ్మది అనంతపురం జిల్లా. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చి కె.ఆర్.పురం అవతల ఒక అపార్టుమెంటు పై అంతస్తులో ఉంటున్నారు. మిద్దె మీద రెండు వందల చదరపు అడుగుల పాలీకార్బొనేట్ షెడ్డు, దాని కింద అరవై దాకా కుండీలు. కరివేపాకు, మందారం, నూరువరహాలు, రెండు నిమ్మలు, గులాబీలు, గ్రో బ్యాగుల్లో గోంగూర, తోటకూర, ఒక మూల ఆరేడు మొక్కజొన్నలు. మట్టి మిశ్రమం అందరూ కలిపేదే: మూడో వంతు ఎర్రమట్టి, మూడో వంతు కోకోపీట్, మిగతాది వర్మీ కంపోస్ట్. రెండేళ్ళు తోట నిగనిగలాడింది. ఏప్రిల్, మే నుంచి చిగుర్లు తెల్లబడుతూ వచ్చాయి.

నేను రాకముందే అందరి వైద్యాలూ అయిపోయాయి. నర్సరీ అతను ఎప్సమ్ సాల్ట్, అంటే మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చాడు. పక్క ఫ్లాట్ ఆవిడ కుండీల్లో తుప్పు మేకులు పాతమంది. ఒక వీడియో చూసి గుడ్డు పెంకుల పొడి, ఇంకోటి చూసి కట్టెల బూడిద వేశారు. ఈ చివరి రెండూ సున్నం బాపతు సరుకే. ఉన్న రోగాన్ని ముదరబెట్టేవి.

మేకుల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే వారానికొకరు అడుగుతారు. బెంగళూరు ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చిందే ఇనుము ఆక్సైడ్ల వల్ల. ఇరవై లీటర్ల కుండీలో మూడో వంతు ఆ మట్టి ఉంటే, అందులో ఇనుము వంద గ్రాములకు తక్కువ ఉండదు. అర కిలో ఎండు బరువుండే నిమ్మ మొక్క ఒంట్లోకి కావలసిన ఇనుమో, యాభై మిల్లీగ్రాముల లెక్కలో ఉంటుంది. ఇంట్లో బస్తాల కొద్దీ బియ్యం పెట్టుకుని పస్తుండటమే ఇది. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు. ఇంకో నాలుగు మేకులు పాతితే ఇంకో బస్తా చేరుతుంది, అంతే. పొయ్యి మాత్రం వెలగదు.

మిద్దె ఎక్కగానే నా కళ్ళు మొక్కల కంటే ముందు కుండీల అంచుల మీద పడ్డాయి. నల్ల ప్లాస్టిక్ కుండీల పైఅంచుకు వేలెడు వెడల్పున తెల్లటి పెచ్చు కట్టి ఉంది. వంటింట్లోంచి వెనిగర్ తెప్పించి రెండు చుక్కలు వేస్తే బుసబుసమని నురుగు లేచింది. అది మామూలు ఉప్పు కాదు, సున్నపు పెచ్చు. డ్రిప్పర్ల మూతులకీ అదే.

"నీళ్ళు ఎక్కడివమ్మా?" అన్నాను. ఫొటో వచ్చిన రోజే అడగాల్సిన ప్రశ్న.

ఆమె మెట్ల దగ్గరున్న నీలం డ్రమ్ము చూపించారు. వంటింట్లో ఆర్ఓ ఫిల్టరు వదిలేసే వేస్ట్ నీళ్ళు. ఆ ఏడాది మార్చిలో బెంగళూరు ఎలా ఎండిపోయిందో ఇక్కడ ఉన్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తాగేనీళ్ళు మొక్కలకూ కార్లకూ వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. టీచరమ్మ ఆ రోజు నుంచీ ఒక్క చుక్క వృథా కానివ్వలేదు. పుట్టిందే కరువు జిల్లాలో, నీటి విలువ ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఫిల్టరు వదిలిన నీళ్ళన్నీ పట్టి మొక్కలకే పోశారు. అపార్టుమెంటుకు వచ్చేది ట్యాంకర్ బోరు నీళ్ళు. అవే గట్టివి, సున్నం ఎక్కువ. ఫిల్టరు మంచినీళ్ళను ఒక పక్కకు తీసి, మిగిలిన ఖనిజాలన్నిటినీ వేస్ట్ పైపులోకి తోస్తుంది. ఆ చిక్కబడ్డ నీళ్ళే కుండీలకు చేరుతున్నాయి.

నా సంచిలో టీడీఎస్ మీటరుతో పాటు అక్వేరియం షాపులో దొరికే కేహెచ్ కిట్ ఒకటి ఉంటుంది. ఐదు మిల్లీలీటర్ల నీటిలో చుక్కలు వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టడమే. మీటరు ఉప్పులన్నీ కలిపి ఒక అంకె చెబుతుంది, మనకు కావలసింది బైకార్బొనేట్, అంటే నీటిలో కరిగి పులుపును విరిచే పదార్థం, ఎంత అన్నది. అది కిట్ చెబుతుంది. ట్యాంకర్ నీళ్ళకు 14 చుక్కలు పట్టాయి, లీటరుకు సుమారు 305 మిల్లీగ్రాముల బైకార్బొనేట్. ఆర్ఓ వేస్ట్ నీళ్ళకు 22, అంటే 480 దాకా. అడుగున కారిన నీటి పీహెచ్ (పులుపు, క్షారాల కొలత; 7 కంటే తక్కువైతే పులుపు, ఎక్కువైతే క్షారం) 8.1. కుండీకి రోజుకు లీటరు చొప్పున ఐదు నెలలు లెక్కేస్తే, దాదాపు 60 గ్రాముల సున్నపురాయి పొడి కలిపినంత. కొంత కిందికి కారిపోయినా షెడ్డు వల్ల వాన తగలదు, కడిగేవాళ్ళు లేరు.

ఇక్కడ వేరు దగ్గర ఏం జరుగుతుందో చెప్పకపోతే మిగతా కేసు అర్థం కాదు.

మట్టిలో ఇనుము ఎక్కువగా ఫెర్రిక్ రూపంలో, అంటే తుప్పు రూపంలో ఉంటుంది. అది నీటిలో కరగదు. పీహెచ్ ఒక్క అంకె పెరిగితే కరిగే ఫెర్రిక్ ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. 6 నుంచి 8కి పోతే పది లక్షల్లో ఒక వంతు. దీన్ని వేళ్ళు చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవు. నిమ్మ, మందారం, గోంగూర, వేరుశెనగ లాంటివి ఇనుము తగ్గిందని తెలియగానే వేరు కొసల దగ్గర ఆమ్లాన్ని బయటికి పంపుతాయి, చుట్టూ పులుపు చేస్తాయి. కొన్ని మొక్కలు దాంతో పాటు ఫినోలిక్ పదార్థాలను కూడా వదిలి తుప్పును కరిగిస్తాయి. తర్వాత వేరు పైపొరలో ఉన్న ఒక ఎంజైము ఫెర్రిక్‌ను తేలిగ్గా కరిగే ఫెర్రస్ రూపంలోకి మారుస్తుంది. అలా మారిన ఇనుమునే ఒక ప్రొటీన్ ద్వారం లోపలికి తీసుకుంటుంది. ఐఆర్‌టీ1 అనే ఆ ద్వారాన్ని 1996లో అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్కలో గుర్తించారు. అదేమంత ఖచ్చితమైన ద్వారపాలకుడు కాదు. ఇనుముతో పాటు జింక్, మాంగనీస్, కాడ్మియం కూడా దూరిపోతాయి.

ఈ పని అంతా సాగేది లేత వేరు కొసల్లోనే, పులుపు ఉన్నచోటే. బైకార్బొనేట్ చేసేది ఆ పులుపును విరిచేయడం. మొక్క చెంచాతో చింతపండు రసం వేస్తుంటే, మనం గరిటెతో సున్నపు తేట కలుపుతున్నాం. ఆమ్లం విరిగితే తుప్పు కరగదు, పీహెచ్ ఎక్కువైతే ఫెర్రస్‌గా మార్చే ఎంజైము కూడా మందగిస్తుంది. ద్వారం తెరిచే ఉన్నా లోపలికి వచ్చేవాడు లేడు.

నా ఈడీటీఏ ఎందుకు వృథా అయిందో కూడా ఇందులోనే ఉంది. ఈడీటీఏ ఇనుమును పట్టుకునే పట్టు పీహెచ్ 6.5 దాటితే సడలుతుంది. పక్కన కాల్షియం పుష్కలంగా ఉంటే ఇనుమును వదిలి దాన్ని పట్టుకుంటుంది. ఆ కుండీల్లో కాల్షియానికి కొదవా! నేను రాసిచ్చిన ఇనుము పోసిన కాసేపటికే మళ్ళీ తుప్పుగా మారి ఉంటుంది.

ఆ మూలనున్న మొక్కజొన్నలు నన్ను కాసేపు నిలబెట్టాయి. అదే షెడ్డు, అదే మట్టి, అదే డ్రమ్ము నీళ్ళు. ఆకులు మాత్రం ముదురు పచ్చగా ఉన్నాయి. గడ్డిజాతి దారి వేరు. అవి పులుపును నమ్ముకోవు. ఇనుమును గట్టిగా పట్టుకునే మ్యూజినీయిక్ ఆమ్లాల్లాంటి పదార్థాలను మట్టిలోకి వదిలి, తుప్పును ఉన్నది ఉన్నట్టే చుట్టుకుని, మొత్తం కట్టనే లోపలికి లాక్కుంటాయి. బైకార్బొనేట్ దీన్ని అంతగా అడ్డుకోలేదు. జపాన్‌లో తకాగి 1976లో వరి, ఓట్స్ వేర్ల నుంచి ఇలా కరిగించే పదార్థాలు ఊరుతున్నాయని చూపించాడు. మార్ష్‌నర్, రోమ్‌హెల్డ్ 1986లో ఈ రెండు దారులకూ ఒకటో వ్యూహం, రెండో వ్యూహం అని పేరు పెట్టారు. గడ్డిజాతి అంతా సమానం అనుకోకండి. బార్లీ ధారాళంగా వదులుతుంది, వరి పిసినారి. జొన్న కూడా సున్నపు నేలల్లో తెల్లబడుతుంది.

టీచరమ్మ భర్త, మేము సారు అంటాం, ట్రేలలో గోధుమగడ్డి పెంచుతారు, రోజూ పొద్దున్నే రసం తాగడానికి. "ఇది కూడా పచ్చగానే ఉంది కదా, ఇదీ సాక్ష్యమే" అన్నారు. కాదన్నాను. పది రోజుల గోధుమ మొలక గింజలోని ఇనుముతోనే బతికేస్తుంది, మట్టిని అడిగేదాకా రాదు. ఆయనకు కొంచెం నిరాశ కలిగింది.

అసలు జ్ఞాపకం మాత్రం టీచరమ్మదే. "మా చేన్లో వేరుశెనగ, సున్నపురాయి తేలిన తావులో ఇట్లే తెల్లబడేది. మా నాయన అన్నభేది కొట్టిస్తుండె." సరిగ్గా అదే. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్, ఇనుము లవణం. అనంతపురం వేరుశెనగ చేలల్లో చిగురాకులు పాలిపోవడానికీ, ఈ మిద్దె మీది నిమ్మకూ మూలం ఒకటే. చేను కాబట్టి సున్నం రాయిలో ఉంది, మిద్దె కాబట్టి నీటిలో వచ్చింది.

అయినా నాకు అనుమానం తీరలేదు, ఒకసారి దెబ్బతిన్నాను కాబట్టి. లీటరు నీటికి ఐదు గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి, చిన్న పెయింట్ బ్రష్షుతో నిమ్మాకు ఎడమ సగానికి మాత్రమే పూశాను. ఇంకో ఆకుకు ఎప్సమ్ సాల్ట్, మూడో ఆకుకు మాంగనీస్ సల్ఫేట్. మూడింటికీ మూడు రంగుల దారాలు కట్టాను. ఈ విద్య కొత్తదేం కాదు. 1840ల్లో ఫ్రాన్స్‌లో యూసెబ్ గ్రిస్ అనే ఆయన పాలిపోయిన ఆకులకు ఇనుము లవణం పూసి, తగిలినచోట పచ్చబడటం చూపించాడు. నిమ్మ ఉప్పు ఎందుకంటే, అది లేకపోతే అన్నభేది ద్రావణం గంటల్లోనే టీ రంగుకు తిరిగి తుప్పు పడుతుంది. ఎండలో కాకుండా సాయంత్రం పూయాలి, లేదంటే ఆకు మాడుతుంది.

ఆరో రోజున ఫొటో వచ్చింది. ఎర్రదారం కట్టిన ఆకు నడి ఈనె దగ్గర గీత గీసినట్టు చీలిపోయింది. ఎడమవైపు పచ్చ మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి, కుడివైపు నిమ్మపండు రంగే. మిగతా రెండు ఆకుల్లో ఏ మార్పూ లేదు.

ఈలోగా వాళ్ళబ్బాయి ఆకులు ల్యాబుకు పంపాడు. రిపోర్టులో "ఇనుము తగినంత ఉంది" అని వచ్చింది. పసుపు ఆకులో, పక్కింటి పచ్చటి ఆకుకన్నా కొంచెం ఎక్కువే. అబ్బాయి నన్ను నిలదీశాడు, న్యాయమే. కానీ ఇది ఈ రోగంలో పాత వింత. ల్యాబు లెక్కేసేది ఆకులోని మొత్తం ఇనుము. ఆకులోకి వచ్చిన ఇనుము కణంలోపలికి, ఆకు పచ్చదనం తయారయ్యే హరితరేణువులోకి చేరకుండా ఎక్కడో తుప్పుగా కూర్చుండిపోవచ్చు. ఆకు పెరగక చిన్నదైపోతే ఉన్న కొంచెమే చిక్కగా కనిపిస్తుంది. పైగా ఆ ఆకులు కడగకుండా పంపారు. మా బెంగళూరు ఎర్ర దుమ్ము ఆకు మీద పొరలా ఉంటే, ల్యాబు కొలిచింది ఆకునా, దుమ్మునా? ఇలాంటి కేసుల్లో పలుచటి ఆమ్లంలోకో ఆర్థోఫినాంత్రోలిన్ ద్రావణంలోకో దిగే ఇనుమును, అంటే పని చేసే ఇనుమును కొలవాలి. మామూలు ప్యాకేజీలో ఆ పరీక్ష ఉండదు.

ఇంతకీ వేరులోకి వచ్చిన ఇనుము ఆకు దాకా ఎలా పోతుంది? అది ఎక్కడా ఒంటరిగా నడవదు. ఒంటరిగా వదిలితే కణాలను పాడుచేస్తుంది. ప్రతి మజిలీలో ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని నడిపించాలి. వేరు కణాల్లో నికోషియానమైన్ అనే చిన్న అణువు పట్టుకుంటుంది. నీటిని పైకి మోసే గొట్టాలైన దారువు అంచున ఇనుము బయటికి దిగి, మళ్ళీ ఫెర్రిక్‌గా మారి, సిట్రేట్ చేతికి వెళ్ళి, ఆకులు నీటిని పీల్చే ఊపుతో పైకి ఎక్కుతుంది. సిట్రేట్‌ను దారువులోకి వదిలే ప్రొటీన్ చెడిపోయిన అరబిడాప్సిస్ మొక్కల్లో వేరు నిండా ఇనుము పేరుకుంటుంది, ఆకులు పాలిపోతాయి. ఆకు చేరాక కణంలోకి వెళ్ళే ముందు మళ్ళీ ఫెర్రస్‌గా మార్పు. ఆకులోని ఇనుములో దాదాపు 80 శాతం హరితరేణువుల్లోనే ఉంటుంది. పత్రహరితంలో ఇనుము ఉండదు, దాని నడుమ ఉండేది మెగ్నీషియం. కానీ దాన్ని తయారుచేసే వరుసలో కొన్ని మెట్లు ఇనుము లేకుండా కదలవు.

ఇంకా విప్పుకోని మొగ్గకు కథ వేరు. అది నీరు పెద్దగా ఆవిరి చేయదు కాబట్టి దారువు ద్వారా దానికి చేరేది తక్కువ. ఆకులు వండిన తిండిని మోసే పోషక కణజాలం గుండా, మళ్ళీ నికోషియానమైన్ తోడుతో రావాలి. క్లోరోనెర్వా అనే టమాటా రకానికి ఆ అణువును తయారుచేసే శక్తే లేదు. ఇనుము లోపలికి వచ్చినా దాని లేత ఆకుల ఈనెల మధ్య పసుపే. ముదురాకు తన ఇనుమును సులువుగా వదలదు కూడా. నత్రజని, మెగ్నీషియం తగ్గితే మొక్క ముదురాకుల నుంచి లాక్కుని చిగురుకు పెడుతుంది, అందుకే అడుగు ఆకులు ముందు పండుతాయి. ఇనుము తగ్గితే చిగురే ముందు పస్తు పడుకుంటుంది. ఎప్సమ్ సాల్ట్ ఇచ్చిన నర్సరీ అతను కొమ్మ అడుగుకు ఒక్కసారి చూసి ఉంటే చాలు.

టీచరమ్మ పరీక్ష ఫలితం చూసి ఉత్సాహంగా మొత్తం తోటకు అన్నభేది పిచికారీ చేశారు. వారానికి ఆకులు పచ్చబడ్డాయి. పదిహేనో రోజుకు వచ్చిన కొత్త చిగురు మళ్ళీ తెల్లగానే వచ్చింది. పిచికారీ తగిలిన ఆకుకే తిండి. వేరు దారి మూసుకుని ఉన్నంత కాలం ఇదే వరుస.

అందుకని మందు కంటే ముందు నీళ్ళు మార్చాం. షెడ్డు కప్పు వాన గొట్టాన్ని డ్రెయిన్ నుంచి తప్పించి డ్రమ్ముల్లోకి తిప్పాం. రెండు వందల చదరపు అడుగుల మీద పది మిల్లీమీటర్ల వాన పడితే 180 లీటర్ల పైచిలుకు. బెంగళూరులో సెప్టెంబరు, అక్టోబరు వానలకు డ్రమ్ములు పొర్లాయి. కుండీ ఒక్కింటికి పది పదిహేను లీటర్ల వాన నీళ్ళు మెల్లగా పోసి కడిగాం. దీనితో బైకార్బొనేట్, కరిగే ఉప్పులు పోతాయి, గట్టిపడ్డ సున్నం పోదు. దానికి పై రెండు అంగుళాల మట్టి తీసి కొత్తది వేశాం. గుడ్డు పెంకులు, బూడిద, ఎముకల పొడి మాన్పించాను. ఎముకల పొడి మానమన్నది భాస్వరం మితిమీరితే మొక్కకు ఇనుము అందడం మళ్ళీ చెడుతుందని.

వాన లేని రోజులకు ట్యాంకర్ నీళ్ళే, పది లీటర్లకు మూడు నుంచి మూడున్నర గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి. ఇది తాత్కాలికం. మట్టిలోని సూక్ష్మజీవులు సిట్రేట్‌ను తినేస్తే మిగిలేది మళ్ళీ బైకార్బొనేటే. పెద్ద తోటలవాళ్ళు గంధకామ్లం వాడతారు, మిద్దె మీద పెద్దవాళ్ళ చేతికి ఆ సీసా ఇవ్వను.

చివరికి ఇనుము: ఈడీటీఏ లాగే ఇనుమును పట్టుకునే ఈడీడీహెచ్ఏ రూపంలో, 6 శాతం ఇనుము ఉన్నది. పీహెచ్ 9 దగ్గర కూడా పట్టు వదలని బంధం అది. ఖరీదు ఎక్కువ. ఇరవై లీటర్ల కుండీకి రెండు గ్రాములు లీటరు నీటిలో కలిపి, సాయంత్రం పూట, వేరు దగ్గరే పోయించాను. వెలుతురుకు చెడుతుంది కాబట్టి ఆకుల మీద కొట్టకూడదు. ద్రావణం దానిమ్మ రసంలా ముదురు ఎరుపు. బండల మీద ఒలికి మరక పడితే టీచరమ్మ నన్నే తిట్టారు.

పన్నెండో రోజుకు గులాబీ చిగురు పచ్చగా విప్పుకుంది. మందారం, కరివేపాకు మూడు వారాలకు. నూరువరహాలు మొండికేసింది, రెండో మోతాదు తర్వాత నవంబరులో గానీ తేరుకోలేదు. గోంగూర, తోటకూర పీకేసి మళ్ళీ విత్తాం, నెల పంటకు వైద్యం దండగ. పాత తెల్లాకులు చాలావరకు పూర్తిగా పచ్చబడలేదు, రాలిపోయాయి.

నిమ్మల్లో ఒకటి దక్కలేదు. కుండీ బోర్లించి చూస్తే అడుగు రంధ్రం సున్నపు పెచ్చుతో మూసుకుపోయి, మట్టి బురద వాసన కొడుతోంది. వేళ్ళు గోధుమ రంగులో, పట్టుకుంటే తోలు ఊడి వస్తున్నాయి. తెల్లటి వేరు కొస ఒక్కటి కూడా లేదు. ఇనుము తీసుకునేది ఆ కొసలే కాబట్టి ఎంత ఈడీడీహెచ్ఏ పోసినా తాగే నోరు లేదు. మొదటిసారి వెళ్ళినప్పుడే కుండీ బోర్లించి ఉంటే కొత్త మట్టిలోకి మార్చి బతికించేవాడినేమో.

"మరి ఆ ఫిల్టరు నీళ్ళు ఏం చేసేది? పారబోసేకి నాకు మనసు రాదు" అని టీచరమ్మ పట్టుబట్టారు. బండలు తుడవడానికి, బాత్రూముకు వాడమన్నాను. మొక్కజొన్నకైతే వాన నీళ్ళు సగం కలిపి పోయవచ్చు. డిసెంబరులో వెళ్తే నీలం డ్రమ్ము మీద సుద్దముక్కతో గుండ్రటి అక్షరాలు కనిపించాయి: "బండలకు మాత్రమే". కింద చిన్నగా, "మొక్కజొన్నకు సగం సగం".